కల్లు మంచిదా, బీరు మంచిదా? ముందుగల్ల చెట్లు లెక్కపెట్టుండ్రి

మొన్న ఎండకాలం మా దోస్తు చెల్లె పెండ్లి అయింది. తెల్లారి దావత్. మామిడి చెట్టు కింద ఒక దిక్కు ఐసు గడ్డల నడుమ బీరు సీసాలు, ఇంకో దిక్కు కల్లు. కూసున్నమో లేదో పంచాది షురూ అయింది.

"బీరు ఏందిరా, అంత కెమికలే. కల్లు తాగు. చెట్టు నుంచి వస్తది, విటమిన్లు ఉంటయి, పెయ్యికి చలువ" అన్నడు ఒకడు.

"నీ కల్లుల ఏం గోలీలు కలిపిన్రో నీకు ఎరుకేనా? బీరు కంపెనీది. సీల్ ఉంటది. కిడ్నీల రాళ్లు గూడ కడిగి పారేస్తది" అన్నడు ఇంకోడు.

ఇద్దరూ నా దిక్కు తిరిగిన్రు. "నువ్వు మైక్రోబయాలజీ చదివినవ్ గదా. పైకెళ్లి గౌండ్లోళ్ల పోరనివి. నువ్వే చెప్పు, ఏది మంచిది?"

నేను ఒక్క మాటల చెప్పలేకపోయిన. నవ్వి ఊకున్న. ఇంటికొచ్చినంక మా మేనమామ యాదికొచ్చిండు. ఆనాడే నోరు ఇప్పి చెప్పాల్సింది అనిపించింది. అప్పుడు చెప్పని ముచ్చట ఇప్పుడు పూర్తిగ రాస్తున్న. తాగమని చెప్తలేను, తాగకుండ్రని ఒట్టు పెట్టిస్తలేను. సీసాల ఏమున్నదో తెలుసుకోని మాట్లాడుకుందామంటున్న.

కల్లు ఎట్ల అయితది

మా నాయిన ఈత చెట్లు గీసేటోడు. పొద్దుగూకంగ మోకు భుజానేసుకోని పోయి, చెట్టు మెడ కాడ గీత పెట్టి లొట్టి కట్టి వచ్చేటోడు. రాత్రంత చుక్క చుక్క కారి తెల్లారేవరకు లొట్టి నిండేది. తాటి చెట్టుకైతే మెడ కాడ కాదు, గెలను కోసి లొట్టి కడ్తరు.

చెట్టు నుంచి కారేటప్పుడు అది కల్లు కాదు. తియ్యటి నీళ్లు. అందుల నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెరే ఉంటది. ఆల్కహాల్ సున్న. మరి తెల్లారేవరకు కల్లు ఎట్ల అయింది? లొట్టి లోపలి గోడలకు, గాలిల, చెట్టు మీద కండ్లకు కనపడని జీవులు ఉంటయి. ఈస్ట్ ఒకటి, బ్యాక్టీరియా ఇంకోటి. చక్కెర దొరకంగనే అవి తినుడు మొదలుపెడ్తయి. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్, గ్యాసు ఇడుస్తది. నురుగు వచ్చేది గా గ్యాసు తోనే. పెరుగుల ఉండే జాతి బ్యాక్టీరియానే పులుపు తెస్తది.

పొద్దుగాల దించిన కల్లు తియ్యగ, తక్కువ కిక్కుతోని ఉంటది. పొద్దెక్కేకొద్ది చక్కెర తగ్గుతది, ఆల్కహాల్ పెరుగుతది. పూట గడిచేవరకు నూటికి నాలుగు, అయిదు పాళ్లకు చేరుతది. ఇంక అట్లనే పెడితే వేరే బ్యాక్టీరియా వచ్చి ఆల్కహాల్‌ను సిర్క చేస్తది. అందుకే నిన్నటి కల్లు ముక్కు కాడ పెడితే ఘాటు వాసన కొడ్తది.

లొట్టి లోపల సున్నం పూస్తే ఈ పులుసుడు ఆగుతది. సున్నంకు ఈస్ట్, బ్యాక్టీరియా మెసులయి. గట్ల దించిన తియ్యటి నీళ్లే నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్ కాడ 2023ల తెరిచిన నీరా కేఫ్‌ల అమ్మేది ఇదే. చెట్టు ఒకటే, లొట్టి ఒకటే. సున్నం ఉంటే నీరా, లేకుంటే కల్లు.

బీరు ఎట్ల అయితది

బీరుకు బార్లీ గింజలు కావాలె. వాటిని నానబెట్టి మొలకలు రానిచ్చి ఎండబెడ్తరు. దాన్ని మాల్ట్ అంటరు. మొలకెత్తిన గింజల పిండి చక్కెరగ మారుతది. ఆ రసాన్ని హాప్స్ అనే పువ్వులేసి మరగబెడ్తరు. చేదు, వాసన వచ్చేది ఆ పువ్వుల తోనే. సల్లార్చి ఈస్ట్ కలిపి రోజుల తరబడి పులియబెడ్తరు. మన దేశంల శాన కంపెనీలు బార్లీకి తోడు బియ్యమో, మక్కలో, చక్కెరనో గూడ వాడ్తయి. ఆఖరికి వడబోసి, ఈస్ట్ తీసేసి, సీసా వేడి చేసి సూక్ష్మజీవులను చంపుతరు. అందుకే బీరు నెలల తరబడి ఖరాబ్ కాదు. కల్లు ఒక్క రోజుకే మారిపోతది.

చూసిన్రా? రెండింట్ల కథ ఒక్కటే. చక్కెరను ఈస్ట్ తిన్నది, ఆల్కహాల్ ఇడిసింది. చెట్టు కల్లుల ఉన్న ఆల్కహాల్, ఫ్యాక్టరీ బీరుల ఉన్న ఆల్కహాల్ ఒకటే పదార్థం. మీ లివర్ దానికి కులం, ఊరు అడగది.

గుడుంబ మాత్రం ఈ లెక్కల రాదు. అది పులిసిన దాన్ని కాసి ఆవిరి పట్టేది. అందుల ఆల్కహాల్ ఎన్నో రెట్లు ఎక్కువ. గుడుంబను, కల్లును ఒక్క గాటకు కట్టొద్దు.

లెక్క వేద్దాం

మన దిక్కు ఒక చిత్రం ఉన్నది. కల్లు దుకాణంల కల్లు అమ్మేది గూడ ఎక్కువ బీరు సీసాలనే. అదే 650 మిల్లీలీటర్ల సీసా. కాబట్టి లెక్క అల్కగ అయితది.

650 మిల్లీలీటర్ల కల్లుల ఆల్కహాల్ 5 శాతం ఉన్నదనుకుందాం. అంటే దాదాపు 26 గ్రాములు. అదే సైజు లైట్ బీరుల 5 శాతం ఉంటే అదీ 26 గ్రాములే. స్ట్రాంగ్ బీరు అయితే మన దేశ రూల్ ప్రకారం 8 శాతం దాక ఉండచ్చు. 7 శాతం అనుకున్నా 36 గ్రాములు, 8 అయితే 41 గ్రాములు. మన ఊర్లల్ల పోరలు అడిగేది స్ట్రాంగే. "బీరే గదా, విస్కీ కాదు గదా" అని రెండు స్ట్రాంగ్ బీర్లు గుంజితే 70, 80 గ్రాములు లోపటికి పోయినట్టు. అది క్వార్టర్ విస్కీకంటే ఎక్కువ. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ల ఉండేది 60 గ్రాములే.

లివర్ గంటకు దాదాపు 10 గ్రాముల వరకే అరగదీస్తది. నిమ్మకాయ నీళ్లు తాగినా, సల్లటి నీళ్లతోని తానం చేసినా దాని స్పీడు పెరగది. ఒక్క స్ట్రాంగ్ బీరుకే మూడున్నర గంటలు కావాలె. మోటార్ బండి చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. ఒక్క స్ట్రాంగ్ బీరు తాగి వెంటనే బండెక్కితే ఆ గీత దాటుడు పక్క. "నాకు ఎక్కలేదు" అనుకునుడు వేరు, రక్తంల లెక్క వేరు.

మరి విటమిన్ల సంగతి?

ఇది పూర్తి అబద్ధం కాదు. చెట్టు నీళ్లల్ల విటమిన్ సి కొంత, పొటాషియం లాంటి లవణాలు కొన్ని ఉంటయి. పులిసేటప్పుడు ఈస్ట్ పెరుగుతది, ఈస్ట్‌ల బి విటమిన్లు ఉంటయి. కల్లును వడబొయ్యరు, వేడి చెయ్యరు కాబట్టి ఆ ఈస్ట్ మన కడుపులకే వస్తది. బీరుల గూడ బి విటమిన్లు కొన్ని ఉంటయి గని, వడబోసినంక తగ్గుతయి. ఈ ఒక్క ముచ్చటల చెట్టు కల్లుదే పైచేయి.

గని ఆ విటమిన్ల కోసం తాగుతున్నమంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఒక జామపండు తింటే వచ్చే విటమిన్ సి ముందు సీసా కల్లు ఏపాటిది? ఒక కోడిగుడ్డుల 6 గ్రాముల ప్రొటీన్ ఉంటది. బీరుల, కల్లుల ప్రొటీన్ నామమాత్రమే. పైకెళ్లి రోజూ తాగేటోళ్లకు ఆల్కహాల్ బి1 విటమిన్‌ను పేగులు గుంజుకోకుంట అడ్డం పడ్తది. అంటే కుడి చేతితోని ఇచ్చి ఎడమ చేతితోని గుంజుకున్నట్టు.

బలం వస్తదంటరు గదా, ఆ బలం క్యాలరీలే. గ్రాము ఆల్కహాల్‌కు 7 క్యాలరీలు. ఒక స్ట్రాంగ్ బీరుల ఆల్కహాల్‌తోనే 250 క్యాలరీలు వస్తయి, అందుల మిగిలిన పిండి పదార్థం కలిపితే 300 దాటుతది. పావుకిలో వండిన అన్నంతోని సమానం. అన్నం తింటే కడుపు నిండుతది. బీరు తాగితే ఆకలి పెరిగి, పక్కన పెట్టిన మిర్చీలు, చికెన్ గూడ లోపటికి పోతయి. పొట్ట వచ్చేది గిట్లనే.

నీరా మంచిదే, ఆల్కహాల్ ఉండది. గని ఒక గ్లాసు నీరాల ఇరవై గ్రాముల పైన చక్కెర ఉంటది. షుగర్ ఉన్నోళ్లు "నేచురల్ గదా" అని లీటర్లు తాగొద్దు.

చలువ, రాళ్లు, పానం

ఎండకు బీరు చలువ అంటరు. సల్లగ ఉన్నది సీసా, పెయ్యి కాదు. మన మెదడు నుంచి ఒంట్ల నీళ్లను ఆపే ఒక హార్మోన్ వస్తది. ఆల్కహాల్ దాన్ని ఆపుతది. అందుకే తాగినంక మాటిమాటికి ఒంటికి పోతరు.  నలభై నాలుగు డిగ్రీల ఎండల వడ్ల కాంట కాడ పనిచేసి, మధ్యాహ్నం బీరో కల్లో తాగి, మళ్ల ఎండల నిలబడితే వడదెబ్బకు ఎదురుపోయినట్టే. మజ్జిగ, ఉప్పేసిన గంజి, నీళ్లు. చలువ అంటే ఇయ్యే.

కిడ్నీ రాళ్ల ముచ్చట గూడ గిట్లనే పుట్టింది. ఒంటికి ఎక్కువ వస్తది కాబట్టి చిన్న రాయి కొట్టుకపోతదని అనుకుంటరు. నీళ్లు తాగితే గూడ గదే జరుగుతది, పైసలు గూడ మిగులుతయి. పైకెళ్లి బీరు ఒంట్ల యూరిక్ యాసిడ్ పెంచుతది. దానితోని కాలి బొటనవేలు వాచే గౌట్ వస్తది, ఒక రకం కిడ్నీ రాళ్లు గూడ గా యూరిక్ యాసిడ్ తోనే అయితయి. మందు అనుకోని రోగం కొనుక్కునుడు అన్నట్టు.

ఇంకో మాట. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందికి వచ్చే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లనే మొదటి గ్రూపుల పెట్టింది. పొగాకు గూడ గదే గ్రూపు. ఇంత తాగితే ఏం గాదు అనే సురక్షిత లెక్క లేదని 2023 జనవరిల ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇందుల కల్లుకు మినహాయింపు లేదు, బీరుకూ లేదు.

ఇక్కడిదాక చూస్తే ఇద్దరు దోస్తుల పంచాది కొట్లాటే కాదు. స్వచ్ఛమైన చెట్టు కల్లు, లైట్ బీరు దాదాపు ఒక తీరే. స్ట్రాంగ్ బీరు వాటికంటే ముదురు. అంతే. గని మన ఊర్లల్ల అమ్మే కల్లు అంత చెట్టు కల్లేనా? అసలు ముచ్చట ఇప్పుడు మొదలైతది.

మా మామ

మా మేనమామ సుతారి పని చేసేటోడు. గోడ కట్టుల చెయ్యి తిరిగిన మనిషి. బ్రాందీ, విస్కీ ముట్టేటోడు కాదు. పని దిగినంక దారిల ఉన్న దుకాణంల రెండు మూడు సీసాల కల్లు తాగి ఇంటికొచ్చి, తిని పండుకునేటోడు. లొల్లి లేదు, కొట్లాట లేదు. మా అత్త గూడ "కల్లే గదా" అని ఊకుండేది. మా ఇంట్ల గూడ అందరం గట్లనే అనుకున్నం. గౌండ్లోళ్ల ఇండ్లల్ల కల్లును ఎవలు తప్పు పడ్తరు?

2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టిన్రు. కల్లు దుకాణాలు, వైన్సులు అన్నీ బంద్. మొదటి రోజు మామకు నిద్ర పట్టలేదు. రెండో రోజు చేతులు వణుకుడు, చెమటలు. మూడో రోజు గోడ మీద చీమలు పాకుతున్నయని గోడను తుడుసుడు మొదలుపెట్టిండు. అక్కడ ఒక్క చీమ లేదు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చినయి. నాలుక కొరుక్కున్నడు. అత్త నాకు ఫోన్ చేసి ఏడుసుకుంట "గాలి సోకినట్టుంది రా, భూతవైద్యుని పిలువాల్నా?" అన్నది. నేను 108కు ఫోన్ కొట్టిన.

దవాఖానల డాక్టర్ అడిగిన మొదటి మాట, "ఏం తాగుతడు?"

"మందు ముట్టడు సార్, ఉత్త కల్లే" అన్నది అత్త.

"అమ్మా, ఉత్త కల్లు బందైతే గిట్ల కాదు. ఆయన ఇన్నేండ్ల నుంచి తాగుతున్నది నిద్రగోలీల నీళ్లు" అన్నడు.

నేను మైక్రోబయాలజీ చదివి, గీత కార్మికుని కడుపున పుట్టి గూడ ఆ మాట ఆనాడే మొదటిసారి మనసుకు ఎక్కిచ్చుకున్న. అదే వారం హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక దవాఖానకు గిట్లనే కల్లు దొరకనోళ్లు పదుల మంది వచ్చిన్రని పేపర్లల్ల చదివిన. మామ ఒక్కడే కాదన్నట్టు.

మందు కల్లు అంటే ఏంది

క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం. ఈ మూడు పేర్లు యాది పెట్టుకోండ్రి. మొదటిది పాతకాలం నిద్రమందు. కడమ రెండు ఆందోళన, నిద్రలేమికి డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందులు. డైజోఫాం, అల్ప్రాజోలం 1985ల వచ్చిన మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తయి. చీటీ లేకుంట అమ్ముడే నేరం, కల్లుల కలుపుడు ఇంకా పెద్ద నేరం.

ఎందుకు కలుపుతరు? చెట్లు తక్కువ, తాగేటోళ్లు ఎక్కువ. కొద్దిగ కల్లు, మస్తు నీళ్లు, తీపికి శాక్రిన్, కిక్కుకు గోలీల పొడి. సీసా తయారు. ఇందుల ఆల్కహాల్ బీరుకంటే తక్కువే ఉండచ్చు. మత్తు మాత్రం ఎక్కువ ఉంటది. ఒకనాడు ఎంత పొడి పడిందో ఎవలికీ ఎరుక లేదు. తూకం లేదు, కొలత లేదు. ఒకనాడు ఎక్కువ పడితే మనిషి మగతల పడి ఊపిరి ఆడక పోవచ్చు. ఆల్కహాల్, నిద్రగోలీలు రెండూ కలిస్తే ఊపిరిని నెమ్మదిగ అణగదొక్కుతయి. దీనితోని పోలిస్తే బీరు సీసా మీద శాతం రాసి ఉంటది, తారీఖు ఉంటది. బీరు మంచిదని కాదు, అందుల ఏమున్నదో చదువుకునే మోక ఉన్నది.

ఇంకో గుంత ఏందంటే అలవాటు. రోజూ గోలీల నీళ్లు తాగితే మెదడు దానికి అలవాటు పడ్తది. ఒక్కసారి బందు పెట్టంగనే ఎదురుతిరుగుతది. 2015ల కల్తీ మీద దాడులు చేసి మందు కల్లు ఆపంగనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు దవాఖానలు వణుకుతోని, ఫిట్స్‌తోని వచ్చినోళ్లతోని నిండినయి. 2025 జూలైల కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగినోళ్ల పానాలు పోయినయి, ఇంకొందరికి కిడ్నీలు ఖరాబై దవాఖానల్ల పడ్డరు. ప్రతిసారి నాలుగు రోజులు దాడులు, నాలుగు ఫొటోలు. తర్వాత మళ్ల గదే సీసా.

చెట్లు లెక్కపెట్టుడు

లాబుకు పోకుంటనే మీరు చేసే ఒక పరీక్ష ఉన్నది. కల్లు రంగు చూసి, వాసన చూసి కల్తీ పట్టలేరు. నేనూ పట్టలేను. గోలీల పొడికి వాసన ఉండది. గని చెట్లు లెక్కపెట్టచ్చు.

మీ ఊరి కంచెలల్ల, చెరువు కట్ట మీద గీతకు వచ్చే చెట్లు ఎన్నున్నయి? ఒక్కో చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. అదీ అన్ని కాలాల ఇయ్యది, వరుసగ గీస్తే చెట్టు సచ్చిపోతది, ఇడువాలె. ఇప్పుడు మీ దుకాణంల పొద్దుగూకేవరకు ఎన్ని డబ్బాలు అమ్ముడుపోతున్నయో చూడుండ్రి. ఇరవై చెట్లు ఉన్న ఊర్ల రోజుకు వందల సీసాలు ఎక్కడికెళ్లి వస్తున్నయి? ఏడాది పొడుగూత ఒకటే రుచి ఎట్ల ఉంటది? తెల్లారి దించిన కల్లు రాత్రి తొమ్మిదింటికి గూడ పులవకుంట తియ్యగ ఎట్ల ఉన్నది? చిన్నప్పుడు తాడు కొలుసుడు నేర్సుకున్న పోరగానికి ఈ లెక్క కష్టం కాదు.

చెట్టు కింద మండువల, కండ్ల ముందట దించి, రేకల పోసే కల్లు వేరు. అది తాగిన మనిషికి ఏం తాగిండో ఎరుకే. దుకాణంల సీసాల వచ్చేది ఏందో అమ్మేటోనికి తప్ప ఎవలికీ ఎరుక లేదు.

ఒక మాట ఖాయంగ చెప్పాలె. ఇది గీత కార్మికుల మీద రాసింది కాదు. మా నాయిన లెక్క పొద్దుగాల నాలుగింటికి చెట్టెక్కేటోడు గోలీలు కలుపడు. ఏటేటా చెట్ల మీదికెళ్లి పడి నడుములు ఇరగ్గొట్టుకునేది వాళ్లు. 2024ల సర్కారు కాటమయ్య రక్షణ కవచం పేరుతోని సేఫ్టీ మోకులు ఇచ్చుడు మొదలుపెట్టింది, అది మంచి పని. కల్తీ దుకాణం సీసా అగ్గువకు అమ్మితే చెట్టు కల్లు దించేటోని బతుకే పోతది. కల్తీని అడ్డుకునుడు అంటే గీతను నిలబెట్టుడే. చెరువు కట్టల మీద ఈత, తాటి మొక్కలు పెట్టుడు, నీరాకు మార్కెట్ దొరికేటట్టు చేసుడు గూడ ఇందుల భాగమే.

మీ ఇంట్ల ఉంటే ఏం చెయ్యాలె

ఒకటి. ఏండ్ల తరబడి రోజూ దుకాణం కల్లు తాగే మనిషిని "ఇయ్యాల్టి నుంచి బంద్" అని ఇంట్ల తాళమేసి కూసోబెట్టకుండ్రి. నీయతి మంచిదే గని పానం మీదికి వస్తది. మా మామకు అయింది గదే. రోజూ మస్తు బీరు, విస్కీ తాగేటోళ్లకు గూడ ఇదే వర్తిస్తది. ముందుగల్ల డాక్టర్ కాడికి తీస్కపోండ్రి. కొన్ని రోజులు మందులు ఇచ్చి నెమ్మదిగ తగ్గిస్తరు. ఏం తాగుతున్నడో దాచకుంట చెప్పుండ్రి, "ఉత్త కల్లే" అనకుండ్రి.

రెండు. వణుకుడు, లేనియి కనపడుడు, ఫిట్స్, తడబాటు వస్తే అది గాలి కాదు, భూతం కాదు. 108కు ఫోన్ కొట్టుండ్రి. మత్తు మానాలనుకునేటోళ్లకు సర్కారు 14446 నంబర్ ఉన్నది, పైసలు పడయి.

మూడు. పిల్లలు. దగ్గుకు, నిద్రకు, పండుగకు అని చిన్న పోరలకు గుటికెడు కల్లు పోసే అలవాటు ఇంకా ఉన్నది. నాకూ మా నాయినమ్మ పోసింది. అప్పటి లొట్టి కల్లే అయినా అది తప్పే, పిల్లల లివర్‌కు, మెదడుకు ఆల్కహాల్ విషమే. ఇప్పటి సీసాల గోలీల పొడి ఉంటే ఆ గుటికెడే పిల్ల ఊపిరి ఆపచ్చు. కడుపుతోని ఉన్నోళ్లకు గూడ అంతే, కల్లు వద్దు, బీరు వద్దు. ఈ ఒక్కటి మాత్రం పెద్దలకు ఎదురు చెప్పైనా ఆపుండ్రి.

నాలుగు. ఇరవై ఒక్క ఏండ్లు నిండనోళ్లకు మన రాష్ట్రంల మద్యం అమ్ముడే నేరం. ఇంటర్ చదివే తమ్ముళ్లు "బీరు మగతనం" అనుకుంటున్నరు. ఎంత చిన్నగున్నప్పుడు మొదలైతే అంత గట్టిగ పట్టుకుంటది.

మామ ఇప్పుడు బాగనే ఉన్నడు. మూడు వారాలు దవాఖాన చుట్టు తిరిగినంక నిద్ర సక్కగయింది. గోడ కట్టుల చెయ్యి మళ్ల తిన్నగ వచ్చింది. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు మా నాయిన గీసిన చెట్టు కాడ నిలబడి, "మీ నాయిన దించినంతకాలం నేను ఇక్కడనే తాగిన రా. ఎన్నడు గిట్ల కాలేదు. చెట్లు పోయినయి, సీసాలు మాత్రం పెరిగినయి. నాకు గది తట్టలేదు" అన్నడు.

గందుకే మళ్ల దావత్‌ల ఎవలన్న "కల్లు మంచిదా, బీరు మంచిదా" అని అడిగితే నేను ఊకుండ. ముందుగల్ల ఊరి చెట్లు లెక్కపెట్టి రమ్మంట.